దౌలత్‌బీ కొలత దారాలు

దౌలత్‌బీ ఎవరినీ నమ్మదని తిరువూరులో అందరికీ తెలుసు. విజయవాడ బస్సు వచ్చి ఆగితే దిగేవాళ్ల మొహాలు చూడదు, చేతులు చూస్తుంది. మొహం ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు గాని, చేతిని అలా మార్చుకోలేరని ఆమె లెక్క. ఇరవై రెండేళ్లుగా గాజులు తొడుగుతున్న మనిషి. ఒకసారి పట్టుకున్న చేతిని మరిచిపోదు.

మొగుడు మదార్ జట్కా తోలేవాడు. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. అప్పుడు ఆమెకి పాతికేళ్లు. అత్త పీర్‌బీ నలభై రోజులు ఊరుకుని, నలభై ఒకటో రోజు గాజుల మలారం తెచ్చి కోడలి భుజాన వేసింది.

"ఇళ్లలోకి వెళ్తావు. వంటగది దాకా రానిస్తారు. అక్కడ విన్నది అక్కడే దులిపేసుకుని రా. నీ కొంగున ఒక్క మాట అంటుకొచ్చినా మర్నాడు ఆ తలుపు తెరుచుకోదు" అని చెప్పింది.

ఆ మాట దౌలత్‌బీకి నమాజులా అలవాటైపోయింది. మదార్ పోయిన రోజున తీసిన గాజులు మళ్లీ వేసుకోలేదు. ఊరందరికీ గాజులు తొడిగే మనిషి చేతులు మాత్రం బోసిగా ఉంటాయి. కొత్త కోడళ్లు ఆ చేతుల్ని చూసి ఒక్క క్షణం జంకుతారు. ఆమె పట్టించుకోదు. కొత్త పెళ్లికూతురు బొటనవేలు లోపలికి మడిచి, పిడికిలి కణుపుల్ని మెత్తగా నలుపుతూ, ఏదో ఒకటి మాట్లాడుతూ, ఆ పిల్ల నవ్వే క్షణంలో గాజు ఎక్కించేస్తుంది. డజనుకి పైన ఒకటి కొసరు గాజు. అది ఆమె దీవెన.

ఆమెకి చదువు లేదు. అందుకని కొలతలు దారాల్లో దాచుకునేది. పెళ్లై వచ్చిన ప్రతి కోడలిదీ, అంతకుముందే కాపురాలు చేస్తున్న వాళ్లదీ పెళ్లిచీర కొంగు కుచ్చులోంచి ఒక పోగు లాగి, మడిచిన పిడికిలి చుట్టూ తిప్పి, అక్కడికి ముడి వేసేది. ఒక ఇంటి ఆడవాళ్ల దారాలన్నీ ఒక ముడి. ముడులన్నీ ఒక ఇత్తడి కడియానికి. విజయవాడలో టోకు కొట్టుకి వెళ్లినప్పుడు ఆ కడియం పట్టుకెళ్లి, దారపు ఉంగరంలో గాజు పట్టి చూసి ఏరుకునేది. ఎవరికైనా చూపిస్తే చింపిరి దారాల కుచ్చు. ఆమెకి మాత్రం అది సగం ఊరు.

ఆ కడియం మీద మాణిక్యమ్మగారింటి ముడిలో మూడు దారాలున్నాయి. ఉండాల్సినవి రెండు.

మాణిక్యమ్మ ఆదిశేషయ్యగారి భార్య. ముప్పై ఎకరాల మాగాణి, రెడ్డిగూడెం దగ్గర మామిడితోట. ఆ వీధిలో ఆడవాళ్లు ఏం చేయాలన్నా ముందు ఆమె మొహం చూస్తారు. ఎర్ర పట్టు పోగు ఆమెది. ఆకుపచ్చది పెద్ద కోడలిది. మూడోది తెల్లటి నూలు పోగు. అది కూతురు శివపార్వతిది. రెడ్డిగూడెంలో ఇచ్చారు ఆ పిల్లని. మూడేళ్లు తిరక్కుండా మొగుడు తోటలో పాము కరిచి పోయాడు. ఇరవై మూడేళ్లకి పుట్టింటికి తిరిగొచ్చింది.

రెండేళ్ల కిందట, ఇంట్లో అందరూ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా, శివపార్వతి దొడ్డివైపు గుమ్మంలో నిలబడి, "దౌలతమ్మా, నాకు నాలుగు ఆకుపచ్చవి తెచ్చిపెడతావా? ఎవరికీ చెప్పకుండా?" అంది. అంతవరకే అంది. దౌలత్‌బీ ఇటూ అటూ చూసి, ఆ పిల్ల కట్టిన చీర అంచులోంచే ఒక పోగు లాగి కొలత తీసింది. ముడి ఒక వేలెడు వదులుగా వేసింది. బిగువు గాజు సబ్బునీళ్లు లేనిదే ఊడిరాదు. ఎవరైనా తలుపు కొడితే ఈ పిల్ల రెప్పపాటులో తీసేయాలి కదా. అప్పట్నుంచి ఆ నాలుగు గాజులు గుడ్డలో చుట్టి కందుల బానలో ఉంటాయి. మధ్యాహ్నం పూట గడియ వేసుకుని, కాసేపు తొడుక్కుని, మళ్లీ బానలో దాచేస్తుంది. మాణిక్యమ్మకి తెలిస్తే ఆ పిల్లకి ఆ కాసేపూ ఉండదు. దౌలత్‌బీకి ఆ ఇల్లే కాదు, ఆ వీధే ఉండదు.

ఇదీ సంగతి. ఇంతలో బొమ్మలమ్మ దిగింది.

అది డెబ్బై ఆరు వేసవి. ఎమర్జెన్సీ రోజులు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేంపుల పేరు చెబితే జనం తలుపులేసుకుంటున్నారు. అలాంటప్పుడు మేరమ్మ అనే ఆవిడ, విజయవాడలో ఏదో ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరట, మద్రాసులో బొమ్మలు వేయడం చదువుకుందట, ఒంటరిగా వచ్చి పాత దివాణంలో మకాం పెట్టింది. దివాణం నూరేళ్ల నాటి మేడ. వారసుడు బసవపున్నయ్యగారు విజయవాడలోనే ఉంటారు. వర్షాకాలం వచ్చేలోగా దాన్ని పడగొట్టించేస్తారని చెప్పుకుంటున్నారు. ఆ లోపల రెండు నెలలు ఈవిడ అడిగి తీసుకుంది. ఇంటింటికీ వెళ్లి, ఆడవాళ్లు రోజూ పట్టుకునే వస్తువులు ఇమ్మంది. పాతవైతే మరీ మంచిదంది.

ఎవరూ ఇవ్వలేదు. ఎదురింటి సుబ్బాయమ్మ అయితే మాణిక్యమ్మ అరుగు మీద కూర్చుని తేల్చేసింది.

"ఆపరేషన్ల లిస్టు రాసుకోడానికి వచ్చిందొదినా. దువ్వెనతో మొదలెట్టి ఇంట్లో ఎంతమంది ఆడవాళ్లు, ఎంతమంది పిల్లలు అని అడుగుతుంది చూడు."

"లిస్టుకి దువ్వెనెందుకే?"

"దువ్వెనలో వెంట్రుకలుంటాయి కదా. ఆ వెంట్రుకలతో ఏం చేస్తారో నేను చెప్పాలా? రెండూ కాకపోతే మద్రాసులో అమ్ముకుంటుంది. పాత ఇత్తడికి అక్కడ ఎగబడుతున్నారంట."

"ఒక మనిషి ఇన్ని పనులెలా చేస్తుందే?" అని పెద్ద కోడలు నవ్వింది.

మాణిక్యమ్మ నవ్వలేదు. అప్పుడే మలారం దించుతున్న దౌలత్‌బీ వైపు తిరిగింది.

"ఏమే దౌలతూ. నువ్వెళ్లు. గాజులమ్మే నెపాన లోపలికి పోయి, దాని సంగతేంటో చూసి రా. నీ కళ్లకి మించినవి ఈ ఊళ్లో లేవు."

అలా వెళ్లింది దౌలత్‌బీ. వేగుకి వెళ్లినట్టే వెళ్లింది. దివాణం లోపల చల్లగా, గబ్బిలాల వాసన. రాణివాసం వైపు పొడుగాటి వసారా, చెక్క జాలీ కిటికీలు. లోపలి ఆడవాళ్లు బయటి వీధిని చూడొచ్చు, వాళ్లని ఎవరూ చూడలేరు. మేరమ్మ నేల మీద కూర్చుని చీపురు ఈనెలు విడదీసి వరసగా పేరుస్తోంది. నలభై ఏళ్లుంటాయి. దౌలత్‌బీ చేతుల వంక చూసింది. వేళ్లకి సున్నం. గోళ్లు కత్తిరించి ఉన్నాయి. ఎడమ మణికట్టు మీద ఎప్పుడో గాజు చిట్లి గీసుకున్న మచ్చ ఉంది, గాజు లేదు.

"ఇవన్నీ ఎందుకండీ?"

"ఈ మేడలో నూరేళ్లు ఆడవాళ్లున్నారమ్మా. గోడ మీద మగవాళ్ల పటాలు పదకొండున్నాయి. ఆడవాళ్లది ఒక్కటీ లేదు. వాళ్ల మొహాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. చేతుల్లో ఏముండేదో అదైనా ఈ గదుల్లో పెట్టాలని."

"పెట్టి?"

"జనం వచ్చి చూస్తారు."

"ఏం చూస్తారు, చీపురా? మా ఇళ్లలో లేవా?"

"ఉన్నాయి. ఎప్పుడైనా చూశారా?"

దౌలత్‌బీకి ఆ జవాబు నచ్చలేదు. తెలివైన జవాబులిచ్చే వాళ్లంటే ఆమెకి మరీ అనుమానం. ఆ వారంలో నాలుగుసార్లు ఏదో వంకతో వెళ్లింది. పెట్టెలు ఎక్కడున్నాయి, తాళాలు ఉన్నాయా, కాగితాలేమన్నా రాస్తోందా అని చూసింది. వెంట్రుకలు కనబడలేదు. లిస్టూ కనబడలేదు. అయినా నమ్మలేదు. కనబడలేదంటే బాగా దాచిందేమో అనుకుంది.

మాణిక్యమ్మకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె కాసేపు ఆలోచించి, "సరే, ఇస్తాం. పేర్లు రాయకూడదు. ఏ వస్తువైనా నీ చేతి మీదుగానే వెళ్లాలి, నీ చేతి మీదుగానే తిరిగి రావాలి. ఒక్క గరిట తగ్గినా నిన్నే అడుగుతా" అంది.

ఆ మాటతో తలుపులు తెరుచుకున్నాయి. కవ్వాలు, చేటలు, ఉగ్గుగిన్నెలు, ముగ్గు డబ్బాలు, కాటుక బరిణెలు, అరిగిపోయిన అట్లకాడ, పసుపు అంటిన రోలు పొత్రం. దౌలత్‌బీ తట్టలో పెట్టుకుని మోసింది. మేరమ్మ దేన్ని ఏ గదిలో పెడుతోందో మనసులో గుర్తు పెట్టుకుంది. సాయంత్రం వెళ్లేముందు ఒక్కొక్కటీ వేలితో తాకి చూసి మరీ వెళ్లేది. మేరమ్మ అదంతా చూస్తూనే ఉండేది, ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడం కూడా దౌలత్‌బీకి అనుమానంగానే ఉండేది.

ఆఖరి రోజున మేరమ్మ అడిగింది.

"అందరివీ తెచ్చారు. మీదేది?"

దౌలత్‌బీ మనసులో లెక్క వేసుకుంది. ఇంట్లో ఉన్నది అత్త ఇచ్చిన వెండి పాన్‌దాన్ ఒక్కటే. అది ఇవ్వదు. మలారం ఇస్తే బతుకుతెరువు ఇచ్చినట్టే. ఏమీ ఇవ్వనంటే ఊరందరి సామానూ ఇక్కడ పోగేసి తను మాత్రం జారుకుందంటారు. చేతి సంచిలో తడిమితే ఇత్తడి కడియం తగిలింది. పోయినా ఏడవక్కర్లేనిది ఇదొక్కటే అనుకుంది. కొలతలన్నీ ఇప్పుడు ఆమె చేతికే తెలుసు. ఇంకొకళ్లకి అది దారాల కుచ్చు.

"ఇదిగోనండి. ఇది నాది."

మేరమ్మ దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఏ దారం ఎందుకో అడిగింది. పెళ్లిచీర కొంగు పోగుల సంగతి చెప్పింది దౌలత్‌బీ, పేర్లు మాత్రం చెప్పలేదు. పేర్లు చెప్పలేదు కదా అని నిశ్చింతగా ఇంటికి పోయింది.

మర్నాడు ఉదయం జనం రాకముందే వెళ్లింది, వస్తువులు సరిచూసుకోవాలని. రాణివాసం వసారాలోకి అడుగు పెట్టి ఆగిపోయింది.

మేరమ్మ కడియం విప్పేసింది. జాలీ కిటికీల ముందు ఆ చివర్నుంచి ఈ చివరకి ఒక తాడు కట్టి, ఇంటికొక ముడి చొప్పున దారాలు వేలాడదీసింది. పొద్దుటి ఎండ జాలీలోంచి వచ్చి ఒక్కో పోగునీ వెలిగిస్తోంది. ఎరుపు, మావిచిగురు, నెమలికంఠం, పసుపు. ఒక్కొక్కటీ పిడికిలంత సున్నా. సున్నా మధ్యలో చెయ్యి లేదు.

నాలుగో ముడిలో ఎరుపు, ఆకుపచ్చ, వాటి పక్కన తెలుపు. అంత రంగులో తెలుపు ఒక్కటే ముందుగా కంటబడుతోంది.

దౌలత్‌బీ గుమ్మం వైపు చూసింది, ఇంకా ఎవరూ రాలేదు. తన పెళ్లిచీర పోగుని గుర్తుపట్టలేని ఆడదెవరు? ఎర్రది చూడగానే మాణిక్యమ్మ ఆగుతుంది. ఆగితే లెక్కపెడుతుంది. ఇన్నాళ్లూ ఈ బొమ్మలమ్మ ఏం ఎత్తుకుపోతుందో అని కాపలా కాసింది. కాపలా కాస్తూ కాస్తూ తన చేత్తోనే ఆ పిల్లని తెచ్చి వీధిలో పెట్టింది. తెల్ల దారాన్ని విడిగా కట్టుకుని ఉంటే సరిపోయేది. ఒక ఇంటి దారం ఆ ఇంటి ముడికే కట్టడం చేతికి అలవాటైపోయింది.

"అమ్మా, ఆ తెల్లది తీసేయండి."

"ఎందుకు? ఎవరిది అది?"

దౌలత్‌బీకి మళ్లీ అనుమానం వచ్చింది. ఈవిడ కావాలనే దాన్ని అలా మధ్యలో పెట్టిందేమో. పేరు చెబితే ఇంకెవరికి చెబుతుందో. అలాగని చెప్పకుండా ఎలా?

మేరమ్మ ఆమె మొహం వైపు చూసింది. తర్వాత తెల్ల పోగు వైపు చూసింది. కుడిచేత్తో తన ఎడమ మణికట్టు మీది మచ్చని ఒకసారి తడుముకుంది. మరేమీ అడగకుండా కత్తెర కోసం పక్క గదిలోకి వెళ్లింది. ముడి బిగుసుకుని ఉంది.

కత్తెర రాకముందే మాణిక్యమ్మ వచ్చేసింది. వెనకే పెద్ద కోడలు, సుబ్బాయమ్మ, వీధిలో ఆడవాళ్లంతా.

"ఓసినీ! ఇది నా పెళ్లి చీర పోగు కాదూ!" అని సుబ్బాయమ్మ నెమలికంఠం దారాన్ని పట్టుకుని అరిచింది. "ఆ చీర చిరిగి పీలికలై ఇరవై ఏళ్లయింది. దౌలతూ, దీన్నెక్కడ దాచావే!"

దివాణంలో ఎవరూ అంత సందడి విని ఉండరు. తలా ఒక దారం వెతుక్కుంటున్నారు. పిడికిలి దూర్చి చూసుకుని, పట్టక, ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. ఆపరేషన్ల లిస్టు మాటే ఎవరికీ గుర్తులేదు. మాణిక్యమ్మ మాత్రం నాలుగో ముడి ముందు నిలబడి ఉంది. నవ్వడం లేదు. వేలితో ఎర్రది కదిపింది, ఆకుపచ్చది కదిపింది, తెల్లది పట్టుకుంది.

"ఏమే, ఇదేంటి?"

"అది నాదండి అమ్మగారూ. చిక్కుపడి మీ ముడిలో కలిసిపోయింది."

"నీదా?"

"నాదేనండి."

"నీ చేతికి గాజులెక్కడివే, కొలతెందుకు?"

"మదార్ ఉన్నప్పటిదండి."

పోగు కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. మాణిక్యమ్మ దాన్ని ముడిలోంచి గోటితో లాగి విడదీసింది.

"చెయ్యి పట్టు."

దౌలత్‌బీ చెయ్యి చాపింది. ఇరవై రెండేళ్లు ఊరందరి చేతులూ పట్టుకున్న మనిషి చేతిని ఇంకొకళ్లు పట్టుకోవడం అదే మొదలు. బొటనవేలు లోపలికి మడిచింది. మాణిక్యమ్మ దారం ఎక్కించింది. అది కణుపుల దగ్గర ఆగిపోయింది. బరువులు మోసి మోసి కాయలు కాచిన చెయ్యి. ఎంత లాగినా ఎక్కలేదు. పక్కన సుబ్బాయమ్మ మెడ చాచి చూస్తోంది. శివపార్వతి రాలేదు. ఇలాంటి చోట్లకి ఆ పిల్లని తీసుకురారు. రాకపోవడమే మేలైందని అనుకుంది దౌలత్‌బీ.

మాణిక్యమ్మ ఆ దారాన్ని చూసింది. దాని ముడిని వేలితో తడిమింది. తర్వాత తల ఎత్తకుండానే, అందరికీ వినబడేలా అంది.

"వయసొచ్చేసరికి చెయ్యి లావెక్కిందే నీకు."

దారాన్ని చుట్టచుట్టి బొడ్లో దోపుకుని ముందు గదిలోకి నడిచింది. అక్కడ రోలు పొత్రం దగ్గర ఆగి, మామూలుగానే, "ఇది మాదే కదే?" అని కోడల్ని అడిగింది.

నాలుగు రోజుల తర్వాత వస్తువులన్నీ తిరిగి ఇళ్లకి చేరాయి. ఒక్క గరిట కూడా తగ్గలేదు. మేరమ్మ ముడులన్నీ ఎలా ఉన్నవి అలా కడియానికి కట్టి ఇచ్చి, బస్సెక్కేముందు, "తప్పు నాదేనమ్మా, ముందే అడగాల్సింది" అంది. దౌలత్‌బీ తల ఊపింది. బస్సు వెళ్లాక కడియం మీద ముడులు మళ్లీ లెక్కపెట్టుకుంది.

మాణిక్యమ్మ ఇంటి నుంచి కబురు రాలేదు. వారం, పది రోజులు, పక్షం. దౌలత్‌బీ ఆ వీధి తప్పించి, చుట్టు తిరిగి వెళ్లేది. పక్కూరు నెమలిలో తిరునాళ్లకని రెండు రోజులు ఊళ్లోనే లేకుండా పోయింది. కందుల బాన తీసి వెతికి ఉంటారా? ఆ పిల్లని కొట్టి ఉంటారా? అలా అయితే ఈపాటికి సుబ్బాయమ్మ నోట పడేదే. సుబ్బాయమ్మ ఏమీ అనడం లేదంటే ఇంకా ఏదో ఉందన్నమాట. దౌలత్‌బీకి తిండి సయించలేదు.

పదిహేడో రోజు మధ్యాహ్నం పెద్ద కోడలు దొడ్డిగుమ్మం దగ్గర నిలబడి పిలిచింది. "అత్తయ్య రమ్మంటున్నారు. మలారం కూడా తెమ్మన్నారు."

మాణిక్యమ్మ వంటింటి ముందు పీట మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. కోడల్ని దొడ్లోకి పంపింది. బొడ్లోంచి తెల్ల దారం తీసి నేల మీద పెట్టింది.

"ఇది ఎవరి కొలతే?"

"నాదని చెప్పా కదండీ."

"సరే, నీదే. వదులుగా ఎందుకు వేశావు?"

దౌలత్‌బీ మలారం దించింది. ఇది ఉచ్చు. ఒక్క మాట జారితే అంతే.

"నాకేం తెలుసమ్మగారూ. దారం సాగిందేమో."

"దారం సాగదే. నేను రెండేళ్ల నుంచీ చూస్తున్నా. మధ్యాహ్నం గడియ పడుతుంది. లోపల సవ్వడి. నేను దగ్గితే సవ్వడి ఆగిపోతుంది. అంత వదులు గాజులు మోచేతి దాకా జారిపోవూ? ఏదో ఒకరోజు కంగారులో చిట్లి చెయ్యి కోసుకుంటుంది." మాణిక్యమ్మ చింతపండు నుంచి తల ఎత్తలేదు. "ఊడిరాని కొలతకి వెయ్యి."

దౌలత్‌బీకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఊడిరాని గాజు వేశాక దాన్ని బానలో దాచడం ఉండదు. తలుపు కొట్టినా చేతికే ఉంటుంది.

"అయ్యగారు చూస్తే?"

"అయ్యగారి సంగతి నేను చూసుకుంటా. వీధిలోకి వస్తే కొంగు కప్పుకుంటుంది. నేను నీకేం చెప్పలేదు, నువ్వు నాకేం చెప్పలేదు. సుబ్బాయమ్మ చెవిన పడిందో, నీ మలారం మున్నేట్లో ఉంటుంది."

బెదిరింపు వినగానే దౌలత్‌బీకి సగం నమ్మకం కుదిరింది. మిగతా సగం కుదరలేదు. లోపలి గదిలోకి వెళ్లి ముందు మంచం కింద చూసింది, కిటికీ అవతల చూసింది, గడియ వేసి, వేసిన గడియని ఇంకోసారి లాగి చూసింది. శివపార్వతి గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మ ఏమంది దౌలతమ్మా?"

"ఏమీ అనలేదు తల్లీ. చెయ్యి ఇటివ్వు."

ఈసారి దారం తీయలేదు. తాడుకి వేలాడే వస్తువు ఏదీ ఇక మిగల్చదలుచుకోలేదు. కళ్లు మూసుకుని ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని కణుపులు నలిపింది, కొలత వేళ్లలోకి ఎక్కేదాకా. మలారంలోంచి ఆకుపచ్చవి నాలుగు ఏరింది. బిగువుగా ఉన్నాయి. సబ్బు రాసి, ఒక్కొక్కటే, ఏదో ఒకటి మాట్లాడుతూ ఎక్కించింది. నాలుగూ అయ్యాక కొసరు ఒకటి.

శివపార్వతి అలవాటు కొద్దీ గాజుని వెనక్కి లాగి చూసింది. రాలేదు. మళ్లీ లాగింది. కంగారుగా గుమ్మం వైపు చూసింది.

"ఇవి ఊడిరావడం లేదు దౌలతమ్మా!"

"రావు తల్లీ."

బయట వంటింటి ముందు మాణిక్యమ్మ దగ్గింది. దౌలత్‌బీ చెవి అటు వేసి, శివపార్వతి చేతిని వదలకుండా, ఆమె మళ్లీ దగ్గుతుందేమోనని వింటూ కూర్చుంది.